సోమిద చెట్టు: రాక్స్‌బర్గు వర్ణనపై ఒక విమర్శ

విలియం రాక్స్‌బర్గు ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1781 నుండి సామర్లకోటలో ఉండి, ఉత్తర సర్కారుల మొక్కలను పరిశీలించినాడు. ఆ కృషి ఫలమే ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను గ్రంథము. 1795 - 1820 సంవత్సరముల మధ్య లండనులో మూడు సంపుటములుగా వెలువడిన ఈ గ్రంథములో 300 చిత్రములున్నవి. మొదటి సంపుటములోని 17వ చిత్రము సోమిద చెట్టుది. వృక్షవర్ణన ఎట్లుండవలెనో, అది ఎచ్చట తప్పటడుగు వేయగలదో, రెండును దీనినుండి నేర్చుకొనవచ్చును.

సోమిద ఆకురాల్చు అడవులలో పెరుగు పెద్ద చెట్టు. వేప కుటుంబమునకు చెందినది. సంయుక్త పత్రములో చిట్టాకులు జతలుజతలుగా ఉండును. కొనను ఒంటి చిట్టాకు ఉండదు. పూవులు చిన్నవి, ఆకుపచ్చ కలిసిన తెలుపు. ఆకర్షణపత్రములు 5. కేసరములు 10, వాని కాడలు కలిసి చిన్న గిన్నెవలె ఏర్పడును. కాయ కొయ్యవలె గట్టిది. పండి నల్లబడి 5 తొనలుగా పగులును.

రాక్స్‌బర్గు ఎండిన కొమ్మను మాత్రమే చూచి వ్రాసినవాడు కాడు. చెట్టు పెరుగు కొండలను, కలప గట్టితనమును, ఆ కలపను దేవాలయములలో వాడు ఆచారమును కూడ నమోదు చేసినాడు. తెలుగు పేరును వదలలేదు. గ్రంథమునకు ఇది గొప్ప గుణము.

కాని ఆయన ఈ చెట్టును అమెరికా మహాగని ప్రజాతియైన స్వైటీనియాలో చేర్చి, ‘స్వైటీనియా ఫెబ్రిఫ్యూగా’ అని పేరు పెట్టినాడు. కారణము ఊహింపదగినదే. నాటి లిన్నేయస్ పద్ధతిలో కేసరముల సంఖ్యకు ప్రాధాన్యమెక్కువ. రెండు చెట్లకును కేసరములు పదియే. అయితే కాయలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన భేదము తెలియును. మహాగని కాయ అడుగునుండి పగులును. సోమిద కాయ కొననుండి పగులును. మహాగని గింజకు రెక్క ఒక వైపుననే. సోమిద గింజకు రెండు చివరలను రెక్కలుండును. 1830లో ఏడ్రియన్ డి జుస్యూ దీనిని వేరు ప్రజాతిగా స్థాపించి, ‘సోయ్‌మిడా’ అని పేరు పెట్టినాడు. రాక్స్‌బర్గు వ్రాసియుంచిన తెలుగు పేరే ఇట్లు శాస్త్రనామమైనది.

జాతినామము మాత్రము మారలేదు. ఫెబ్రిఫ్యూగా యనగా జ్వరమును పారద్రోలునది. చేదైన ఈ బెరడు సింకోనా బెరడుకు బదులు కాగలదని రాక్స్‌బర్గు ఆశించినాడు. కాని 1820లో సింకోనానుండి క్వినైనును వేరుచేసిన తరువాత మలేరియా చికిత్సలో నిలిచినది ఆ క్వినైనే గాని సోమిద కాదు. ముందు పెట్టిన జాతినామమును నిలుపవలెనను నియమమువలన ఆశ పేరులో మిగిలిపోయినది. అందుచేత శాస్త్రనామమును గుణమునకు సాక్ష్యముగా విద్యార్థులు భావింపరాదు.

మరియొక లోపమున్నది. చిత్రములను వేసినవారు భారతీయ చిత్రకారులు. గ్రంథకర్త పేరువలె వారి పేర్లు ప్రసిద్ధికి రాలేదు. వర్ణనలో సగము పని చేసినది వారి చేతులే.

అయినను ఈ వర్ణన విలువ తగ్గదు. వర్గీకరణ అభిప్రాయము, అది మారును. వర్ణన చూచినదానికి వ్రాత. అది నిజమైన యెడల నిలుచును. సోమిద ఏ ప్రజాతిదో రాక్స్‌బర్గు సరిగా చెప్పలేకపోయినాడు. కాని ఏ చెట్టునుగూర్చి చెప్పుచున్నాడో సందేహము మిగుల్చలేదు. తరువాతివారు సరిదిద్దుటకు వీలైనది అందుచేతనే. తరగతిలో చెట్టు పేరు వల్లె వేయించుటకు ముందు, దాని కాయ ఎటునుండి పగులునో చూపించుట మేలు.