సుళాది, మంద్ర ఇత్తడి వాద్యం: విజయదాసుల ఆరాధన నేపథ్యంలో ఒక పరిశీలన

స్వరకర్తను స్మరించే కచేరీ విషయంలో రెండు సంప్రదాయాలు కనిపిస్తాయి. పాశ్చాత్య స్వరకర్త వాద్యాన్ని ఉద్దేశించి రచన చేస్తాడు. రాల్ఫ్ వాన్ విలియమ్స్ ట్యూబా కోసం రచించిన కాన్చెర్టో (1954) ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. వాద్యబృందంలో సాధారణంగా అడుగున నిలిచే వాద్యానికి ఆ రచన ప్రధాన స్థానాన్ని కల్పించింది. మన వాగ్గేయకారుని రచన కంఠానికి చెందినది. వాద్యం దానిని అనుసరిస్తుంది. కనుక మన ఆరాధన కచేరీలో మంద్ర ఇత్తడి వాద్యానికి చోటున్నదా అనే ప్రశ్న పరిశీలనార్హం.

ఈ ప్రశ్నకు కర్నూలు పశ్చిమ ప్రాంతం తగిన క్షేత్రం. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు ప్రాంతాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఇక్కడి తెలుగు శ్రోతకు కన్నడ దాససాహిత్యం పరాయిది కాదు. ‘విజయవిఠల’ అంకితంతో రచించిన విజయదాసులు 1755లో పరమపదించిన చిప్పగిరి ఈ ప్రాంతంలోనిదే. కార్తీక శుద్ధ దశమి ఆయన ఆరాధన దినం. ఆయన ప్రతిభకు గీటురాయి సుళాది. వేర్వేరు తాళాల ఖండాలుగా సాగి, ‘జతె’తో ముగిసే ఈ రచనలో తాళం మారడం కేవలం లయవైచిత్రి కాదు, భావానికి అది మలుపు.

బ్యాండు మేళంలోని యుఫోనియం, ట్రోంబోనులను ఈ గీటురాయిపై పరీక్షించవచ్చు. ట్రోంబోను జారుగొట్టం స్వరం నుండి స్వరానికి తెగకుండా సాగుతుంది కనుక జారు గమకానికి అనువైనది. యుఫోనియంలో మీటలు స్వరస్థానాలను విడదీస్తాయి. గమకభారం వాదకుని పెదవులపై పడుతుంది. రెండింటిలోనూ మంద్రస్థాయి నాదం నిదానంగా పలుకుతుంది. అందువల్ల విళంబ ఖండాలలో గాంభీర్యం సిద్ధిస్తుంది. అక్షరాలు చిక్కగా నడిచే ఖండాలలో స్పష్టత లోపించే ప్రమాదమున్నది. అన్నిటికంటె మిన్నయైన లోపం సాహిత్యం వినబడకపోవడం. మాట లేనప్పుడు తాళపు మలుపు శ్రోతకు లెక్కగానే మిగులుతుంది.

గాయకుడు ఖండాన్ని పాడిన పిదప, అదే పదవిభాగాన్ని, అదే శ్వాసను పాటిస్తూ వాద్యం దానిని పునరుక్తి చేయడం దీనికి సముచిత పరిష్కారం. అప్పుడు వాద్యం అలంకారంగా మిగలక, వ్యాఖ్యానమవుతుంది.

సాధారణంగా ఊరేగింపు ఆలయద్వారం చేరగానే బ్యాండు కళాకారుని పని ముగుస్తుంది. అతని వాదనను సంగీతంగా విచారించే పరిభాషను మన విమర్శ ఇంకా పెంపొందించుకోవలసి ఉన్నది. సాహిత్యనిష్ఠ అనే ప్రమాణం గాయకునికి ఎంతో అతనికీ అంతే. ఆ ప్రమాణంతో అతనిని విని, తప్పొప్పులు నిర్ణయించడమే అతనికి మనమివ్వగల గౌరవం.