గురువారం ‘నిల్’

గురువారం సాయంత్రం బరంపురంలో అందరూ బజారుకు పోతే నేను వాతావరణ శాఖ వెబ్‌సైట్ తెరుస్తాను. వచ్చే రెండు వారాల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టే అవకాశం ఎంతో వాళ్ళు చెప్పే రోజది. ఏడాదిలో చాలా వారాలు ‘నిల్’ అనో ‘తక్కువ’ అనో ఉంటుంది. చదివి మూసేస్తాను. ఇంట్లో దీన్ని పిచ్చి అంటారు.

పిచ్చే. ఉపగ్రహ చిత్రం చూడ్డం వచ్చేసిందనుకుని ఒక మాఘమాసంలో, మబ్బు కమ్ముకొస్తోంది వడియాలు పెట్టొద్దని మా వదినకు చెప్పాను. ఆ రోజు కాసిన ఎండకు మేడ పెచ్చులూడింది. “మీ ఉపగ్రహాన్ని ఒకసారి మా మేడ మీదికి రమ్మను బాబూ, నేనే చూపిస్తాను” అంది.

తప్పు ఉపగ్రహానిది కాదు, నా చదువుది. ఇన్‌ఫ్రారెడ్ చిత్రంలో తెలుపంటే చల్లదనం. ఎంత ఎత్తు మబ్బైతే అంత చల్లన, అంత తెల్లన. పది కిలోమీటర్ల ఎత్తున పల్చగా తేలే మబ్బు చుక్క రాల్చకపోయినా ధగధగలాడుతుంది. చలికాలం పొద్దున చిలికాను కప్పేసే పొగమంచేమో నేలంత వెచ్చగా ఉండి అసలు ఆనదు. మామూలు వెలుగులో తీసిన చిత్రాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టుకుంటేనే మబ్బు గుట్టు తెలిసేది.

ఈ చదువే ఉద్యోగమైనవాళ్ళున్నారు, ఢిల్లీలో వాతావరణ శాఖలో, అహ్మదాబాద్‌లో ఇస్రో అంతరిక్ష అనువర్తనాల కేంద్రంలో. 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి ఇన్‌శాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి వెళ్ళిన 3డీఎస్ వంతులవారీగా పావుగంటకో చిత్రం పంపుతాయి. వారానికి 672. మంగళ, శుక్రవారాల్లో రైతులకు వెళ్ళే సలహాల వెనకా, గురువారం ‘నిల్’ వెనకా ఈ చిత్రాలున్నాయి. ఖాళీగా ఉన్న సముద్రాన్ని ఖాళీ అని చెప్పడానికి కూడా ఎవరో ఒకరు కూర్చుని చూడాలి కదా.

మబ్బు నడినెత్తిని చూసే ఈ ఉపగ్రహాలకు కింద వీచే గాలి కనపడదు. అందుకే 1970ల్లో వెర్నన్ డ్వొరాక్ అనే అమెరికన్ ఆ గాలి బలం అంచనాకు ఒక పద్ధతి కట్టాడు. మబ్బు ఎంత చుట్ట చుట్టింది, నడుమ కన్ను తెరుచుకుందా, దాని చుట్టూ ఎంత చల్లగా ఉంది అని చూసి, 1 నుంచి 8 దాకా టీ-సంఖ్య వేస్తారు. ఒకటిన్నర దగ్గర వాయుగుండం, రెండున్నర దగ్గర తుఫాను. కొంత కొలత, కొంత కంటి అలవాటు. మా అమ్మ పాకం పట్టేటప్పుడు తీగ చూసినట్టు.

2013లో పైలీన్ తుఫానుకు ఆ సంఖ్య ఆరు దాకా వెళ్ళింది. అక్టోబరు 12, దుర్గాష్టమి. రాత్రి గోపాల్పూర్ దగ్గర తీరం దాటింది, గంటకు 200 కిలోమీటర్ల పైబడిన గాలితో. తెల్లారేసరికి బరంపురంలో చెట్టూ స్తంభమూ వీధికి అడ్డంగా ఉన్నాయి. అప్పటికే ఒడిశా తీరం నుంచి పది లక్షల దాకా జనాన్ని తరలించేశారు. ఒడియావాళ్ళు నోలియాలనే మన తెలుగు జాలర్లు వాళ్ళలో ఎందరో. 1999 సూపర్ సైక్లోన్‌లో పోయినవాళ్ళు పదివేలకు దగ్గర. పైలీన్‌లో, తర్వాతి వరదలతో కలిపినా, ఒడిశాలో యాభైకి చేరలేదు.

అయినా ఆకాశంలో కన్నుంటే చాలనుకోను. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. అదీ గురువారమే. తీరంలో జనం జాగ్రత్తపడ్డారు. తుఫాను లోపలికెళ్ళి గజపతి జిల్లా కొండల మీద కుమ్మరించింది. బరఘర దగ్గర వానకు తలదాచుకున్నవాళ్ళ మీదే కొండచరియ విరిగిపడింది. హెచ్చరిక రేవు దాకా ఎంత బాగా చేరుతుందో కొండ దాకా అంత బాగా చేరదు. ఆ దారి వెయ్యాల్సింది ఉపగ్రహాలవాళ్ళు కాదు, జిల్లాల్లో కూర్చున్నవాళ్ళు.

మీకు కాశీనగర్ వైపో, పర్లాకిమిడి వైపో కొండ కింద చుట్టాలుంటే, దసరా ముందు గురువారాలు ఆ బులెటిన్ ఒకసారి చూసి, ‘నిల్’ కాని రోజు వాళ్ళకు ఫోన్ చేయండి. వడియాల సంగతి మాత్రం నన్ను అడక్కండి.