ఆకాశంవైపు గాలం మొన

నీటి మీద నిలిచిన మేఫ్లై తెరచాప ఎత్తిన చిన్న పడవలా ఉంటుంది. రెక్కలు నిటారుగా, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. కాళ్లు నీటి పైపొరను తాకీతాకనట్టు తాకుతాయి. పొట్ట తడవదు. ఇంత తేలికైన పురుగుకు నకలుగా, చేపను గాలానికి రప్పించేందుకు ఈకలతో, దారంతో కట్టేదే డ్రై ఫ్లై. చిక్కల్లా గాలంతోనే. మామూలు డ్రై ఫ్లైలో దాని వంపూ మొనా పొట్ట కింద వేలాడుతూ నీటిలోకి దిగుతాయి. అసలు పురుగుకు అక్కడ ఏమీ ఉండదు. ఆ గాలాన్ని తిరగేసి, మొనను రెక్కల మధ్యకు ఎత్తి కట్టేదే తలకిందుల ఫ్లై.

దీని పుట్టిల్లు దక్షిణ ఇంగ్లండ్. అక్కడ సుద్దనేలల్లోంచి ఊరి పారే టెస్ట్, ఇచెన్, కెన్నెట్ వంటి నదుల్లో నీరు అద్దంలా ఉంటుంది, ప్రవాహం నిదానంగా సాగుతుంది. వాటిలో గోధుమరంగు ట్రౌట్ చేప ఉంటుంది. ఎఫెమెరా డానికా అనే పెద్ద మేఫ్లై అడుగు బురదలో ఒకటి రెండేళ్లు పిల్లపురుగుగా గడిపి, మే నడిమి నుంచి జూన్ మొదటి వారాల దాకా గుంపులు గుంపులుగా పైకి వస్తుంది. తొలకరికి పుట్టలోంచి లేచే ఉసుళ్లు వేరే జాతివైనా, ఆ లేవడంలోని సందడి మాత్రం ఇలాంటిదే. పైకి వచ్చిన మేఫ్లైకి ఆహారం తీసుకునే నోరుండదు. నీటి మీద కాసేపు ఆగి, ఒడ్డున చెట్లలోకి ఎగిరి, అక్కడ ఇంకోసారి కుబుసం విడుస్తుంది. రెక్కలొచ్చాక కూడా కుబుసం విడిచే పురుగు ఇదొక్కటే. నీటి మీద ఆగిన ఆ కొద్దిసేపే ట్రౌట్‌కు విందు.

చేప ఆ విందును ఎలా చూస్తుందన్నదే ఈ ఫ్లైకి మూలం. వెలుతురు గాలిలోంచి నీటిలోకి దిగేటప్పుడు వంగుతుంది. అందువల్ల చేపకు పై ప్రపంచమంతా సుమారు 97 డిగ్రీల శంకువులో ఇమిడిపోయి, తల మీద ఒక గుండ్రటి కిటికీలా కనిపిస్తుంది. చేప 30 సెంటీమీటర్ల లోతున ఉంటే ఆ కిటికీ అడ్డం దాదాపు 68 సెంటీమీటర్లు. పైకి వస్తున్నకొద్దీ అది కుంచించుకుపోతుంది. కిటికీ అవతల నీటి పైపొర అడుగువైపంతా అద్దమే. నది అడుగున ఉన్న రాళ్లూ నాచూ అందులో ప్రతిబింబిస్తాయి.

ప్రవాహంలో మేఫ్లై కొట్టుకొస్తుంటే చేపకు మొదట పురుగు కనబడదు. కాళ్లు నొక్కిన చోట నీటి పొర సొట్టపడి, అద్దంలో నాలుగైదు మెరుపు చుక్కలు కదులుతాయి. పురుగు కిటికీ అంచుకు చేరేసరికి రెక్కల కొసలు కనిపిస్తాయి. అవి ఒంటితో సంబంధం లేనట్టు ఆ మెరుపుల పైన విడిగా తేలుతుంటాయి. ఇంకా దగ్గరయ్యాక రెక్కలు కిందికి దిగి మెరుపులతో కలుస్తాయి. ఒంటి రంగు తేటపడేది చివర్లోనే. మనిషి కంటికి ముందు ఆనే పొట్ట రంగు చేపకు ఆఖరి సాక్ష్యమన్నమాట. మామూలు ఫ్లై వస్తే అద్దాన్ని చీల్చుకుని ఒక నల్లటి కొక్కెం ముందే కనిపిస్తుంది.

ఫ్లైలు కట్టేవారికి ఈ సంగతి ఒక్కరోజులో తట్టలేదు. తేలే ఫ్లైలు కట్టడంపై ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ 1886లో తెచ్చిన పుస్తకం ఈ విద్యకు వ్యాకరణం లాంటిది. కాని అందులోని ఫ్లైలు ఒడ్డు మీది కంటికి నచ్చేలా కట్టినవి. గాలం కాడకు తెల్లరంగు వేసి, పైన కృత్రిమ పట్టు చుట్టి నూనె పట్టిస్తే ఒళ్లు వెలుతురులో మెరుస్తుందని జె. డబ్ల్యు. డన్ 1924లో చూపాడు. కిటికీ, అద్దం లెక్కలను 1931లో ఇ. డబ్ల్యు. హార్డింగ్ వివరంగా రాశాడు. వీటన్నిటినీ ఒక ముడిలోకి తెచ్చినవారు జాన్ గాడర్డ్, బ్రయాన్ క్లార్క్. నీటి అడుగు నుంచి తీసిన ఫొటోలతో వారు చేసిన పరిశీలనలు 1980లో ‘ద ట్రౌట్ అండ్ ద ఫ్లై’ పుస్తకంగా వచ్చాయి. తలకిందుల పారాడన్ అనే ఈ ఫ్లై అందులోదే.

కట్టే పద్ధతుల్లో చిన్న చిన్న తేడాలున్నా వరస ఇంచుమించు ఇదే. సన్నతీగతో చేసిన తేలికపాటి గాలాన్ని వైస్‌లో బిగిస్తారు. చిన్న జాతుల మేఫ్లైకి 14, 16 నంబర్లు సరిపోతాయి. నంబరు పెరిగితే గాలం చిన్నదవుతుంది. మైనం పట్టించిన దారం కాడ మీద చుట్టి, తోకకు నాలుగైదు ఈక పోచలు విసనకర్రలా విప్పి కడతారు. ఒంటికి ఈక నూలు ఒక్క పొర చాలు. లావైతే బరువు, బరువైతే మునక.

రెక్కలు కోడిపెట్ట మెడ ఈకల్లోంచి వస్తాయి. రెండు ఈకలను ఒకే కొలతకు, మేఫ్లై రెక్క ఆకారంలో కత్తిరించి, గాలం మొన ఉన్న వైపు చెరో పక్కన నిలబెట్టి కడతారు. మొన రెండిటి మధ్యా దాగాలి, రెక్కలు కొద్దిగా బయటికి విచ్చుకోవాలి. ఒకటి వెంట్రుకవాసి పొడవైనా మొత్తం చెడుతుంది. చేప నోరు తగలగానే మడతపడిపోవాలి కనుక ఇక్కడ మెత్తటి పెట్ట ఈకే కావాలి.

ఆ తర్వాత గాలాన్ని తిరగేస్తారు. ఇప్పుడు పైకి వచ్చిన కాడ వీపు, రేపు నీటిని తాకే పాదం. అక్కడ సన్నని నైలాన్ ఉచ్చును నిలబెట్టి, దాని మొదట్లో పుంజు మెడ ఈకను గొడుగు కమ్మీల్లా అడ్డంగా చుడతారు. దీన్నే పారాషూట్ హ్యాకిల్ అంటారు. ఈక కొసను ఉచ్చులోకి దూర్చి నైలాన్‌ను లాగితే ఉచ్చు ముడుచుకుని కొసను పట్టేస్తుంది. మొదటి పదిసార్లు పట్టదు. ఈక వేళ్లలోనే విప్పుకుపోతుంది. పుంజు ఈక బిరుసుగా, మెరుస్తూ ఉండాలి, ఆ పోచలే కాళ్లు కనుక. సంక్రాంతి పందేల్లో కాకి, డేగ, నెమలి అని ఈకల రంగుతో పుంజుల్ని గుర్తుపట్టినట్టే ఈ విద్యలోనూ ప్రతి మెడ ఈక రంగుకూ ఒక పేరుంది.

జత కట్టి, గుడ్లు పెట్టి, రెక్కలు చాచి నీటిపై పడి చనిపోయే దశకు గాడర్డ్, క్లార్క్ వేరే నమూనా ఇచ్చారు. దాని రెక్కలు పల్చటి ప్లాస్టిక్ కాగితంలోంచి కత్తిరించి, సూదితో బెజ్జాలు పొడిచినవి. ఆ బెజ్జాల చుట్టూ వెలుతురు విరిగి, ఎండిన రెక్క మిలమిల కనిపిస్తుంది.

పారాడన్ కట్టడం అయ్యాక పరీక్ష సులువే. వేళ్లతో ఎత్తి పట్టుకుని బల్ల మీదికి వదిలితే హ్యాకిల్ మీద నిలబడాలి. గాలం బరువు పైన ఉంది కనుక ఒరగాలని చూస్తుంది. కిందనున్న గొడుగు, పైనున్న రెక్కలు కలిసి దాన్ని సరిచేస్తాయి. రెక్కలు సమంగా లేకపోతే విసిరేటప్పుడు ఫ్లై బొంగరంలా తిరిగి, చివరి సన్నదారాన్ని పురిపెట్టేస్తుంది. ఈ నమూనా మీద గట్టి ఫిర్యాదు ఇదే, న్యాయమైనది కూడా. కట్టడానికి పట్టే సమయం రెండో ఫిర్యాదు.

రాళ్ల మీద గలగలా పారే నీటిలో ఈ శ్రమంతా దండగ. అక్కడ ట్రౌట్‌కు పరీక్షగా చూసే తీరికుండదు, మామూలు ఫ్లైకే పడుతుంది. దీని అవసరం నిలకడగా పారే నీటిలో ముదురు చేపతో వస్తుంది. అది ఫ్లై కిందికి లేచి, ప్రవాహంతోపాటు వెనక్కి జారుతూ, ముక్కు ఆనించేంత దగ్గరగా చూసి తిరిగిపోయే రకం. అలాంటి చేపను పట్టాక ఫ్లైకి జిగురు అంటుతుంది. నీటిలో కడిగి, గుడ్డతో ఒత్తి, వంగిన పోచలను వేళ్లతో విప్పి, హ్యాకిల్‌కు మాత్రమే కాస్త జిడ్డు రాస్తారు. నాలుగుసార్లు గాలిలో ఆడించి ఆరాక, మళ్లీ నీటి మీదికి, కాళ్ల మీద నిలబడేలా, వదులుతారు.