టులెట్ బోర్డు కింద మిస్సమ్మ

‘మిస్సమ్మ’ (1955) ప్రేమకథ అని అందరికీ తెలుసు. ఒక్కసారి దాన్ని ఇల్లు దొరకడం గురించిన సినిమాగా చూడండి. జమీందారు గారి బడికి బీయే చదివిన భార్యాభర్తలే కావాలి. ఉద్యోగంతో పాటు ఉండటానికి చోటు కూడా వాళ్ళే ఇస్తారు. ఎమ్.టి. రావుకి పని లేదు, మేరీ వాళ్ళింటి మీద డేవిడ్ అప్పు ఉంది. ఒకరు హిందువు, ఇంకొకరు క్రైస్తవురాలు. పెళ్ళయిందని అబద్ధమాడి గడప దాటారు.

ఈ అబద్ధం మీద ఎల్వీ ప్రసాద్ ఎంత నవ్వించాడో చెప్పక్కర్లేదు. నా పేచీ ముగింపుతోనే. మేరీ అసలు మేరీయే కాదట! చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మట! కాలిమీది పుట్టుమచ్చ సాక్ష్యం. అంటే తన ఇంట్లో ఉన్నది ఇంకో మతం పిల్ల అని తెలిశాక ఆ పెద్దమనిషి ఏం చేస్తాడో చూసే అవకాశమే మనకి లేదు. ఎస్వీ రంగారావు జమీందారు దుర్మార్గుడైతే ఇంత చిక్కు లేకపోను. ఆయన పరమ మంచివాడు. ఆ మంచితనాన్ని కథ ఒక్కసారి కూడా పరీక్షకి పెట్టదు. అద్దెకొచ్చిన మనిషి సొంత రక్తమైపోయాక ఇక ఎవరికీ ఇబ్బంది లేదు కదా.

తొంభైల మొదట్లో వచ్చిన ‘చిత్రం భళారే విచిత్రం’ దీనికన్నా మోటుగా ఉంటుంది. నలుగురు బ్రహ్మచారులు, ఫ్యామిలీకే ఇస్తానని కూర్చున్న ఓనరు, చీర కట్టి భార్యగా మారిన నరేష్. గెటప్ భలే కుదిరింది, ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ అక్కడా సస్పెన్స్ అంతా గుట్టు బయటపడుతుందా లేదా అన్నదే. అసలా రూలేమిటని అడగడం కథకి అవసరం పడదు. వేషం మార్చుకోవాల్సింది ఎప్పుడూ కిరాయిదారే.

ఇవాళ హైదరాబాద్‌లో పోర్షన్ వెతుక్కునేవాళ్ళకి ఎదురయ్యే మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. “మీరేవిట్లు?” అని. కాస్త మర్యాదస్తులైతే “వెజ్జా, నాన్‌వెజ్జా?” అంటారు. ఉద్దేశం ఒకటే. (పదకొండు నెలల అగ్రిమెంటు, అడ్వాన్సు, సున్నం డబ్బులు, ఆ గొడవలన్నీ ఈ ప్రశ్న దాటినవాళ్ళకే.) మన కామెడీలు పెళ్ళి గురించి, ఆడామగా గురించి అబద్ధాలాడించాయి గానీ, ఇంటిపేరు మార్చి చెప్పే కుర్రాడి జోలికి పెద్దగా పోలేదు. అక్కడ నవ్వు పుట్టదని భయమేమో.

ఓనర్లనీ పిసినారులుగా, చాదస్తులుగా గీసి వదిలేశాం. రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా పెట్టి మేడమీద రెండు గదులేసుకుని, ఆ అద్దెతోనే మందులు కొనుక్కునే మాస్టారు కూడా ఓనరే. మర్యాదగా మంచినీళ్ళిచ్చి, పేరు వినగానే “నిన్ననే ఎవరో అడ్వాన్సిచ్చారు బాబూ” అనేదీ ఆయనే. ఆ మాస్టారు, ఆ కుర్రాడు ఒకే మెట్ల మీద రోజూ ఎదురుపడే సినిమా కోసం చూస్తున్నాను. పుట్టుమచ్చలు లేకుండా.