తార నుంచి వస్త్రరూపకర్తకు: సావిత్రి ఆహార్యం – అనుకరణ, అనుసృజన

వ్యాససంగ్రహం

సినీతారలు, సంగీత విద్వాంసులు తమ కాలం గడిచాక కూడా వస్త్రరూపకర్తలకు ప్రేరణగా నిలవడానికి కారణమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సావిత్రి నటించిన ‘మాయాబజార్’ (1957), ఆమె జీవితం ఆధారంగా వచ్చిన ‘మహానటి’ (2018) ఇందుకు ప్రధాన ఆధారాలు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పేరుతో నిలిచిన నీలిరంగును తులనకు స్వీకరించాను. దుస్తులు ధరించినవారి నడతతో ఏకమైనప్పుడే ప్రేరణ నిలుస్తుందన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

కీలకపదాలు: ఆహార్యం, ఆంగికం, సావిత్రి, మహానటి, చేనేత, అనుసృజన.

1. ఉపోద్ఘాతం

కాజీపేట–విజయవాడ రైలుమార్గంలోని నెక్కొండలో, పెళ్ళిళ్ళ కాలంలో దర్జీ మిషను దగ్గర తరచు కనిపించే దృశ్యం ఒకటుంది. రవిక కుట్టించుకోవడానికి వచ్చిన యువతి ఫోనులో పాత సినిమా బొమ్మ చూపి “చేతులు గిట్లనే రావాలె” అంటుంది. ఆ సినిమా వచ్చేనాటికి ఆమె తల్లి కూడా పుట్టి ఉండదు. నిరుటి తార దుస్తులు ఈ ఏటికే పాతబడుతుండగా, ఆరు దశాబ్దాల నాటి రూపం ఇంకా కత్తెరకు దారి చూపుతోంది. దీనికి అందం, ప్రజాదరణ అన్నవి చాలిన సమాధానాలు కావు. ఆ రెండూ ఉన్న తారలెందరో వస్త్రరూపకల్పనలో జాడ లేకుండా పోయారు.

2. ఆహార్యం – ఆంగికం

భరతుని నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. వేషభూషలు ఆహార్యంలోనివి. తెలుగుశాఖల్లో సినిమాను చదివేటప్పుడు మన దృష్టి సహజంగా వాచికం మీద, అంటే పాట, మాటల మీద నిలుస్తుంది. ఆహార్యాన్ని పైపై అలంకరణగా భావించి వదిలివేస్తాం.

కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ‘మాయాబజార్’లో శశిరేఖనూ, ఘటోత్కచుడు ధరించిన మాయాశశిరేఖ రూపాన్నీ సావిత్రే అభినయించారు. కథలోని పాత్రలకు ఆ ఇద్దరూ ఒక్కరే. ప్రేక్షకునికి మాత్రం తేడా తెలియాలి. ఆ తేడాను ఆహార్యం చెప్పకూడదు. చెబితే మాయ చెడుతుంది. కనుక నడక, మెడతిప్పు, చూపులోని మొరటుదనం ఆ పని చేశాయి. అదే స్త్రీవేషం ఒకచోట సుకుమారంగా, మరొకచోట రాక్షసబలానికి పైతొడుగుగా కనిపిస్తుంది. దుస్తులకు అర్థాన్ని ఇచ్చేది ఆంగికమే అనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు. సావిత్రి చీర గుర్తున్నదంటే ఆ చీరలోని నడత గుర్తున్నదని అర్థం.

3. నలుపు తెలుపుల నుంచి రంగుల్లోకి

‘మాయాబజార్’ నలుపు తెలుపుల చిత్రం. అది రంగుల్లో విడుదలైంది 2010లో. అంతవరకు ప్రేక్షకుల మనసులోని శశిరేఖ చీరకు రంగు లేదు. పైగా ఆనాటి చిత్రీకరణలో ఒక రంగు తెరమీద ఏ ఛాయగా కనిపిస్తుందన్నదే ముఖ్యం. అసలు చీర దొరికినా, దాని రంగు ప్రేక్షకుడు చూసిన రంగు కాదు. అందువల్ల సావిత్రి నుంచి ప్రేరణ పొందే రూపకర్తకు యథాతథ అనుకరణ సాధ్యం కాదు. రంగును అతడే ఊహించాలి. మూలాన్ని విడువకుండా తనదిగా చెప్పే ఈ పనిని మన సాహిత్యపరిభాషలో అనుసృజన అనవచ్చు.

నాగ్ అశ్విన్ దర్శకత్వం వహించిన ‘మహానటి’కి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ వస్త్రాలంకరణ పురస్కారం లభించింది. ఇంద్రాక్షీ పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు దానిని పంచుకున్నారు. అదే చిత్రానికి కీర్తి సురేశ్ ఉత్తమనటిగా ఎంపికయ్యారు. ఆహార్యానికీ అభినయానికీ ఒకే చిత్రంలో గౌరవం దక్కడం పై ప్రతిపాదనకు బలమిస్తుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. 1960ల తెరమీద నైలాన్, షిఫాన్ చీరలకూ చోటుంది. నేటి స్మృతి చేనేత వైపు మొగ్గడం నేటి విలువలు చేసిన ఎంపిక. అనుసృజన గతాన్ని చూపుతూనే వర్తమానాన్నీ బయటపెడుతుంది.

4. గాయని రంగు

సంగీతరంగంలో ఈ ప్రక్రియ మరోవిధంగా సాగింది. కాంచీపురం పట్టులోని ఒక నీలిరంగు ‘ఎం.ఎస్. బ్లూ’గా స్థిరపడింది. సుబ్బులక్ష్మి వేదికమీద పాత్ర ధరించలేదు. తన పేరుతోనే కూర్చున్నారు. నడకకు అక్కడ చోటు లేదు. పట్టుచీర, ముక్కుపుడకలు, తలలో పూలు, నిశ్చలమైన కూర్పు దశాబ్దాలపాటు పునరావృతమయ్యాయి. నటి రూపం పాత్రల వైవిధ్యం వల్ల నిలిస్తే, గాయని రూపం స్థిరత్వం వల్ల నిలిచింది. రెండుచోట్లా వస్త్రం నడతనుంచి విడివడలేదు.

5. నేతకారుని పేరు

ఇక్కడ పరిశోధకులు ఆగి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. చీరకు తార పేరు, సంకలనానికి రూపకర్త పేరు, భౌగోళిక సూచికకు ఊరి పేరు నిలుస్తున్నాయి. పోచంపల్లి ఇక్కత్, 2018లో గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు ఇందుకు నిదర్శనాలు. మగ్గం మీద కూర్చున్న మనిషి పేరు మాత్రం ఈ మూడింటిలోనూ లేదు. రూపకర్త ఊహించిన రంగును దారంలోకి తెచ్చేది ఆ చేయి. అనుసృజనలో దానికీ భాగముంది.

తాళపత్రప్రతుల చివర లేఖకుని పేరు, రాసిన కాలం కనిపిస్తే వాటిని భద్రంగా నమోదు చేసుకునే సంప్రదాయం మనది. కావ్యం కవిదే అయినా, ప్రతిని మనదాకా తెచ్చిన చేతిని మరువలేదు. వస్త్రపరిశోధనకూ అదే నియమం వర్తించాలి.

6. ముగింపు

తార చిరకాల ప్రేరణ కావడానికి ఆహార్యం ఆంగికంతో కలిసిపోవడం మూలం. అలా కలిసిన రూపం రూపకర్త చేతిలో అనుసృజన అవుతుంది. దర్జీ కత్తెర దగ్గర అది జనసామాన్యానికి చేరుతుంది. ఈ మార్గాన్ని సమగ్రంగా నమోదు చేయాలంటే సినిమాతోపాటు మగ్గాన్నీ మిషనునూ ఆకరాలుగా స్వీకరించాలి. వరంగల్ కొత్తవాడ మగ్గాలు, నెక్కొండ దర్జీల అనుభవాలు క్షేత్రపర్యటనకు అందుబాటులోనే ఉన్నాయి.