పాట తిరిగొచ్చింది, గురువు పేరుతో సహా

నిజాంపేటలో గదులు అద్దెకు తీసుకుని హైటెక్ సిటీ కంపెనీలకు పనికి వెళ్లే మన పిల్లలు ఇంగ్లీషు పాటలు బాగా వింటున్నారు. వినడంలో తప్పు లేదు. ఆ పాట మొదట ఎవరి గొంతులో పుట్టిందో కూడా తెలుసుకోవాలన్నదే మా మాట. అందుకే ఒక ఆదివారం అక్కడే ఒక గదిలో నలుగురం కూర్చుని, బానీ రెయిట్ ఆల్బమ్ 'నిక్ ఆఫ్ టైమ్' మొదటి నుంచి చివరి దాకా విన్నాం.

బ్లూస్ అమెరికా దక్షిణాదిలో నల్లజాతి కూలీలు, కౌలురైతులు పాడుకున్న పాట. దానికి ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ముల జోరు తోడైతే బ్లూస్ రాక్. 1949లో పుట్టిన తెల్లజాతి గాయని రెయిట్. వేలికి గాజుగొట్టం తొడిగి తీగల మీద జార్చే స్లయిడ్ గిటారు మెలకువలను మిసిసిపీ ఫ్రెడ్ మెక్‌డోవెల్ దగ్గర నేర్చుకుంది. 1971 నాటి తొలి ఆల్బమ్‌లోనే సిప్పీ వాలెస్ అనే పాతతరం నల్లజాతి గాయని పాటలు పాడింది. 1983లో రికార్డు కంపెనీ ఆమెను వదిలేసింది. తాగుడు పట్టుకుంది. 1987లో దాన్ని మానేసింది. 1989లో ఈ పదో ఆల్బమ్ వచ్చింది. మరుసటి ఏడాది దీనికి మూడు గ్రామీలు దక్కాయి. ఆ తర్వాతే అమ్మకాల్లో మొదటి స్థానానికి చేరింది.

పేరుపాటలో నలభైకి దగ్గరపడ్డ ఆడమనిషి వయసు గురించి మాట్లాడుతుంది. బిడ్డ కోసం తపించే స్నేహితురాలు, ముసలివాళ్లవుతున్న తల్లిదండ్రులు అందులో ఉన్నారు. ఎక్కడా గొంతు చించుకోదు. హెర్బీ హాంకాక్ పియానో మీద పాడిన విరహగీతంలో ఆ నిదానం ఇంకా లోతుకు దిగుతుంది. లోపమూ చెప్పాలి. 'హావ్ ఎ హార్ట్' వంటి చోట్ల స్టూడియో నునుపు ఎక్కువై మట్టి గరుకు తగ్గింది. చివరి పాటలో మళ్లీ అసలు బ్లూస్ వినిపించి మాకు ఊపిరాడింది.

"తెల్లావిడ గెలుపు కథ మనకెందుకు?" అని మాలో ఒకరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కిరీటం ఆమెకొచ్చింది, గురువు మెక్‌డోవెల్ 1972లోనే పోయాడు. ఆ లెక్క ఎప్పటికీ సమానం కాదు. కానీ ఆమె లెక్క మరచిపోలేదు. రాయల్టీ దక్కని పాతతరం కళాకారుల కోసం 1988లో రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ స్థాపనలో పాలుపంచుకుంది. మెక్‌డోవెల్ సమాధి రాయి మీద పేరు తప్పుగా చెక్కి ఉండేది. 1993లో ఆమె డబ్బుతో సరైన పేరున్న కొత్త రాయి నిలిచింది.

ఆ రాయి దగ్గర మేం ఆగిపోయాం. రేషన్ కార్డులో, బడి రిజిస్టరులో మన పేర్లు ఎన్నిసార్లు తప్పు పడలేదు! మన పాట సినిమాకెక్కితే 'జానపదం' అన్న ఒక్క మాటతో ఊరూ పేరూ చెరిగిపోతాయి. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయన నోట ఉన్న సమ్మక్క సారలమ్మ కథను మనలో ఎందరం నేర్చుకున్నాం?

ఉపాధ్యాయులారా, పిల్లలతో పాట పాడించే ముందు అది ఎవరు నేర్పారో, ఏ గూడెందో బోర్డు మీద రాయండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గిటారు పట్టండి, రాక్ పాడండి. పండక్కి ఊరెళ్లినప్పుడు మాత్రం ఫోన్లో తాత పాటతో పాటు తాత పేరు కూడా ఆయన గొంతుతోనే చెప్పించి రికార్డు చేయండి.