అంజనములో కనబడిన అణువులు

కర్నూలు, కడప ప్రాంతములలో పాడుబడిన కోటలు, పూజలేని గుళ్లు అనేకము కలవు. వాటిలో కొన్నిచోట్ల నంది పెకలింపబడి పడియుండును. కొన్నిచోట్ల గర్భగుడి నేల త్రవ్వబడి యుండును. ఇది గుప్తనిధుల కొరకు వెదకువారి పని. త్రవ్వుటకు ముందు అంజనము వేయించుట వారి అలవాటు. తమలపాకు మీదనో, బొటనవ్రేలి గోటి మీదనో నల్లని కాటుక పూసి, పసిపిల్లవానినో, ఎదురుకాళ్లతో పుట్టినవానినో దానిలోనికి చూడుమందురు. వాడు "గుడి కనబడుచున్నది, నంది క్రింద బిందె కనబడుచున్నది" అని చెప్పును. చుట్టునున్న పదిమందికి మాత్రము కాటుక తప్ప మరేమియు కనబడదు. త్రవ్వినపుడు బిందె దొరకకున్నను, అంజనము తప్పని ఎవరును అనరు. పూజలో లోపము జరిగినదందురు, మైలపడినవారు వచ్చినారందురు, నిధి చోటు మారినదందురు.

చదువుకొన్నవారు దీనిని విని నవ్వుదురు. నవ్వుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనుట మంచిది. ఇందులో తప్పు కాటుకదా, లేక ఆలోచించు పద్ధతిదా? పద్ధతిదే అయినచో, అదే పద్ధతి ఇంగ్లీషు భాషలో, అచ్చుపుస్తకములో, అంకెలతోను బొమ్మలతోను వచ్చినపుడు చదువుకొన్నవారు దానిని గుర్తింపగలరా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పు కథ ఒకటి కడప జిల్లా చరిత్రతో ముడిపడి యున్నది.

దివ్యజ్ఞాన సమాజము 1875లో న్యూయార్కు నగరములో స్థాపింపబడినది. రష్యా దేశీయురాలగు బ్లావట్‌స్కీ, అమెరికా దేశీయుడగు కర్నల్ ఆల్కాట్ దాని స్థాపకులలో ముఖ్యులు. 1882 చివర దాని ప్రధాన స్థానము మద్రాసు చెంతనున్న అడయారునకు మారినది. ఈ సమాజము చేసిన మేలును మరువరాదు. ప్రాచీన గ్రంథములను సేకరించి అడయారులో గొప్ప గ్రంథాలయమును నెలకొల్పినది. 1915లో మదనపల్లెలో దాని ఆధ్వర్యమున వెలసిన కళాశాలలోనే 1919లో రవీంద్రనాథ ఠాగూరు "జనగణమన"ను ఇంగ్లీషులోనికి అనువదించెను. సమాజములో ఎవరైనను చేరవచ్చును. కాని దాని నడుమ ఒక లోపలి గది వంటిది ఉండెను. మానవజాతిని చాటుగా నడిపించు మహాత్ములు కొందరు కలరనియు, వారు టిబెట్టు ప్రాంతముల నుండి ఉత్తరములు పంపుదురనియు నాయకులు చెప్పిరి. 1888లో, రహస్యము కాపాడుదుమని ప్రమాణము చేసినవారికే ప్రవేశము గల అంతరంగ శాఖ ఒకటి ఏర్పడినది.

అంతకు ముందే, 1884లో, మద్రాసు క్రైస్తవ కళాశాల పత్రిక కొన్ని జాబులను ప్రకటించి, మహాత్ముల ఉత్తరములు మోసముతో సృష్టింపబడినవని ఆరోపించెను. ఆ జాబులను పత్రికకు ఇచ్చినవారు అడయారులో లోగడ పనిచేసి వెడలిన దంపతులు. లండనులోని అతీంద్రియ పరిశోధక సంఘము తరఫున హాడ్జ్‌సన్ వచ్చి విచారణ జరిపి, 1885 నాటి నివేదికలో ఆరోపణ నిజమేనని తేల్చెను. భక్తుల సమాధానము ఏమి? ఇది మిషనరీల కుట్ర అనిరి. నూరేండ్ల తరువాత, 1986లో, ఆ సంఘపు సభ్యుడే అయిన హారిసన్, హాడ్జ్‌సన్ విచారణ పక్షపాతముతో జరిగినదని విమర్శించెను. ఆ విమర్శ గమనింపదగినదే. కాని ఒక నివేదికలో లోపముండుట వేరు, మహాత్ములు కలరనుటకు నిదర్శనముండుట వేరు. పోలీసువాని లెక్కలో తప్పు దొరికినంత మాత్రమున నంది క్రింద బిందె ఉన్నట్లు కాదు.

మహాత్ముల విషయము నమ్మకమునకు సంబంధించినదని ప్రక్కన బెట్టవచ్చును. కాని ఈ సమాజ నాయకులు రసాయనశాస్త్రములోనికి కూడ అడుగుపెట్టిరి. అనీ బిసెంటు, లెడ్‌బీటర్ అను ఇద్దరు తమ దివ్యదృష్టితో పరమాణువుల లోపలి నిర్మాణమును చూచితిమని 1895లో ప్రకటించిరి. 1908లో ఆ పరిశీలనలు "ఆకల్ట్ కెమిస్ట్రీ", అనగా "గూఢ రసాయనము", అను పుస్తకముగా వెలువడినవి. అందులో చక్కని బొమ్మలు కలవు, పట్టికలు కలవు, అంకెలు కలవు. హైడ్రొజను పరమాణువులో 18 మూలకణములు, నైట్రొజనులో 261, ఆక్సిజనులో 290 కనబడినవట. ప్రతి సంఖ్యను 18చే భాగించినచో పరమాణుభారము రావలెను.

భాగించి చూతము. ఆక్సిజనుకు 16.11 వచ్చును, నైట్రొజనుకు 14.5 వచ్చును. హైడ్రొజనును 1గా తీసికొన్నపుడు ప్రయోగశాలలో తేలిన విలువలు సుమారు 15.9, 13.9. దివ్యదృష్టి ఫలితములు అప్పటికే పాఠ్యపుస్తకములలో ఉన్న విలువల చుట్టుప్రక్కల తిరుగుచున్నవి, కాని త్రాసు తూచినంత సరిగా తూచలేకున్నవి. కణములను ఒక్కొక్కటిగా లెక్కింపగలిగిన కన్నునకు సామాన్యమైన త్రాసుకన్న ఎక్కువ పొరపాటు ఏల వచ్చినది?

ఈ పుస్తకమును సమర్థించువారు ఒక గెలుపును చూపుదురు. నియాన్ వాయువుతో పాటు 22 భారము గల "మెటా-నియాన్" కలదని 1908లోనే ఆ పుస్తకము చెప్పినది. కొలది యేండ్లకే, 1912-13లో, జె. జె. థామ్సన్ నియానులో 20, 22 భారములు గల రెండు రకముల పరమాణువులు కలవని కనుగొనెను. ఇది విన్నవెంటనే ఆశ్చర్యము కలుగును. కాని అంజనము వేసినవాడు పది గుళ్లు చెప్పి ఒకచోట రాగి కాసు దొరకినచో, తక్కిన తొమ్మిదింటిని కూడ లెక్కింపవలెను గదా. ఆ పుస్తకము నియానునకు మాత్రమే కాదు, ఆ వరుసలోని వాయువులన్నిటికిని ఇట్టి జంటను కట్టబెట్టినది. ఆర్గానునకు జంట 42 భారము గలదట. ప్రకృతిలో స్థిరముగా నుండు ఆర్గాన్ పరమాణువుల భారములు 36, 38, 40. అందులో 42 లేదు.

ఆ ఆర్గాను జంటకు ఇచ్చిన పేరు "మెటార్గాన్". ఈ పేరు వెనుక ఒక చరిత్ర గలదు. నియాన్, క్రిప్టాన్, జెనాన్‌లను కనుగొన్న రామ్సే, ట్రావర్స్ 1898లోనే "మెటార్గాన్" అను క్రొత్త వాయువును కూడ ప్రకటించిరి. ఇతర శాస్త్రజ్ఞులు దాని వర్ణపటమును పరిశీలించి, అది కర్బన సంబంధమైన మాలిన్యము వలన కలిగిన భ్రమ కావచ్చుననిరి. మరల పరీక్షింపగా మెటార్గాన్ లేదని తేలినది. రసాయనశాస్త్రము ఆ పేరును కొట్టివేసినది. రసాయనశాస్త్రజ్ఞులు పొరబడి ప్రకటించి, పిమ్మట విడిచిపెట్టిన వాయువు పేరు పదేండ్ల తరువాత దివ్యదృష్టి పట్టికలో నిలిచియున్నది! పొరపాటు ఇద్దరికిని జరిగినది. రామ్సే పొరపాటును బయటివారు చూచి దిద్దగలిగిరి. రెండవదానిని దిద్దుటకు బయటివారికి దారి లేదు.

ఇంతకన్న స్పష్టమైన పరీక్ష మరియొకటి. జెనాన్‌కన్న బరువైన "కేలాన్" అను జడవాయువు సుమారు 170 భారముతో కలదని ఆ పుస్తకము చెప్పినది. 1913లో మోస్లే అను యువ శాస్త్రజ్ఞుడు మూలకముల ఎక్స్-కిరణములను కొలిచి, మూలకములకు వరుస సంఖ్యలు కలవని చూపెను. ఒక వీధిలోని ఇండ్లకు సంఖ్యలు వేసినట్లే ఇది. 69వ ఇంటికిని 70వ ఇంటికిని నడుమ మరియొక ఇల్లు ఉండదు. 54వది జెనాన్. దాని తరువాతి జడవాయువు 86వది యగు రేడాన్. నడుమనున్న 55 మొదలు 85 వరకు గల ఇండ్లన్నింటిలోను ఎవరెవరు ఉన్నారో నేడు తెలియును. 170 భారమునకు దగ్గరగా నున్నవి 69వది యగు థూలియమ్, 70వది యగు యిటర్బియమ్, రెండును లోహములే. కేలానునకు ఆ వీధిలో ఇల్లు లేదు.

ఈ దివ్యదృష్టి అణువులతో ఆగియుండినచో ఒక వింత పుస్తకముగా మిగిలియుండును. అది మనుష్యుల మీదికి కూడ మరలినది. జిడ్డు కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించెను. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోనిది. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. కుటుంబము కడపలో నివసించిన కాలములో బాలునికి మలేరియా పట్టి చాలకాలము పీడించినది. 1905లో తల్లి సంజీవమ్మ మరణించెను. ఉద్యోగ విరమణ చేసిన తండ్రి 1909లో పిల్లలతో అడయారు చేరెను. ఆ సంవత్సరమే సముద్రతీరమున లెడ్‌బీటర్ ఆ బక్కపలుచని బాలుని చూచి, వాని చుట్టు అపూర్వమైన కాంతి కలదని చెప్పెను. ఆ కాంతి ఇతరులెవ్వరికిని కనబడలేదు. అయినను వాడు రాబోవు జగద్గురువునకు పాత్రమని నిశ్చయింపబడినది. 1911లో వాని కొరకు "తూర్పు నక్షత్ర సంఘము" స్థాపింపబడినది. తండ్రి తన కుమారులను తనకు ఇప్పింపుడని బిసెంటు మీద వ్యాజ్యము వేసెను. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రి పక్షమున తీర్పు చెప్పెను. 1914లో ప్రివీ కౌన్సిలు దానిని త్రోసివేసెను. పిల్లలు తండ్రి యింటికి తిరిగి రాలేదు. కాటుకలో బిందె కనబడినదన్నపుడు పెకలింపబడునది రాతినంది. ఇక్కడ పెకలింపబడినది ఒక కుటుంబము.

విద్యావంతులు, న్యాయవాదులు, దేశసేవకులు ఇట్టివానిని ఏల నమ్మిరి? బిసెంటు సామాన్యురాలు కాదు. 1917లో కాంగ్రెసు అధ్యక్షురాలైన ధీశాలి. తెలివి తక్కువ యగుట చేతనే జనులు రహస్యములను నమ్ముదురనుకొనుట పొరపాటు. రహస్యము మనిషికి మూడు వరములు ఇచ్చును. మొదటిది, చిందరవందరగా కనబడు లోకము వెనుక ఎవరో నడుపుచున్నారను ఊరట. వానలు తప్పిన సీమలో "పంట పోయినను పాతర కలదు" అనుకొనుట ఎంత ఊరట! జొన్నగిరి, తుగ్గలి పొలములలో తొలకరి వానకు మన్ను కొట్టుకొనిపోయి అప్పుడప్పుడు నిజముగానే వజ్రము దొరకుచుండును గనుక ఆ ఆశ చావదు. రెండవది, అందరికిని తెలియనిది తనకు తెలిసినదను గౌరవము. మూడవది అన్నిటికన్న బలమైనది: ఓటమి అనునది లేకపోవుట. కనబడినచో నిజము, కనబడకున్నచో చూచువానికి అర్హత లేదు, ఎవరైన ప్రశ్నించినచో వారు కుట్రదారులు. నేడు చేతిఫోనులలో తిరుగు కుట్రకథలకును బలము ఈ మూడవ వరమే. వాటికి విరుద్ధమైన సాక్ష్యము దొరకినచో, అది కూడ దాచుటకు చేసిన ఏర్పాటే యని చెప్పుదురు. ఓడిపోవుటకు వీలులేని మాట గెలిచినట్లు కాదు. అసలు పందెములో దిగనట్లు.

ఈ వలయమును లోపలి నుండియే ఛేదించినవాడు ఆ కడప జిల్లా బిడ్డయే. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్ శిబిరములో, సుమారు మూడువేల మంది యెదుట, కృష్ణమూర్తి తన కొరకు ఏర్పడిన సంఘమును తానే రద్దు చేసెను. సత్యమును చేరుటకు సంస్థలు గాని, గురుపీఠములు గాని దారి కాజాలవని ప్రకటించెను. సింహాసనము మీద కూర్చున్నవాడే దానిని కాదనిన ఘట్టములు చరిత్రలో అరుదు.

రహస్యమునకు ఎదుట నిలువవలసినది ఏదియో కర్నూలు జిల్లాలోని ఒక బండ చెప్పును. గుత్తికి సమీపమున, ఎర్రగుడి వద్ద, అశోకుని శాసనములు కలవు. వాటిలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, కొన్ని కుడి నుండి ఎడమకు చెక్కబడినవి. శాసనము కనబడినచో నిధి గుర్తనుకొనువాని కంటికి ఇంతకు మించిన గూఢలిపి లేదు. కాని ఆ లిపిని విప్పినది అంజనము కాదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్, సాంచిలోని చిన్న శాసనముల చివర మాటిమాటికి వచ్చు అక్షరములు "దానం" అనుటకు గుర్తులై యుండునని ఊహించి, ఆ ఊహను ఇతర శాసనములపై పరీక్షించి బ్రాహ్మీలిపిని చదివెను. నేడు ఆ అక్షరములు నేర్చిన ఉన్నత పాఠశాల విద్యార్థి ఎవడైనను ప్రిన్సెప్ పఠనమును సరిచూడవచ్చును, తప్పున్నచో తప్పనవచ్చును. అందుకు ప్రమాణము చేయనక్కరలేదు, ఎదురుకాళ్లతో పుట్టనక్కరలేదు.

చదివిన పిదప ఆ బండ మీద తేలినదేమి? తల్లిదండ్రుల మాట వినవలెననియు, ప్రాణులయెడ దయ చూపవలెననియు, సత్యము పలుకవలెననియు. ఈ మాటలను భేరి మ్రోగించి జనపదములందు చాటింపుమని అధికారులకు ఆజ్ఞ కూడ అందులోనే కలదు.